కులోరికి తిరిగి వెళ్ళినవాళ్ళు

నా పేరు కచల్లా. పదకొండేళ్ళు నగరం రేడియోలో మా కనూరీ భాషలో వార్తలు చదివాను. తిరుగుబాటుదారులతో యుద్ధం మొదలైన నాలుగో ఏట మా స్టేషన్ మూతపడింది. నెల తిరక్కముందే సైన్యం ప్రచార విభాగం నుంచి కబురొచ్చింది. వాళ్ళ ప్రకటనల్ని మా భాషలోకి మార్చి సైన్యం రేడియోకి రికార్డు చేసి ఇవ్వాలి. బయటినుంచి విలేకరులు వస్తే దుబాసీగా ఉండాలి. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు. మరో ఆలోచన లేకుండా ఒప్పుకున్నాను.

ఆఫీసు పాత టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో ఉండేది. నా పై అధికారి మేజర్ తెర్వాసే. దక్షిణాది మనిషి. మా భాష ఒక్క ముక్క రాదు. చెడ్డవాడని మాత్రం చెప్పలేను. నా రెండో పిల్లకు టైఫాయిడ్ వస్తే తన జీపులో మిలిటరీ ఆస్పత్రికి పంపాడు. ఆయన కుర్చీ వెనక గోడమీద పెద్ద పటం ఉండేది. శత్రువు చేతిలో ఉన్న ఊళ్ళకు ఎర్ర గుండుసూదులు, మన చేతికి వచ్చిన ఊళ్ళకు పచ్చవి. ఒక్కోసారి పైనుంచి ఫోన్ వచ్చేది. ఆయన లేచి వెళ్ళి ఒక ఎర్ర సూది పీకి పచ్చది గుచ్చేవాడు. ఆ ఊళ్ళో ఆ రోజు ఏమీ జరిగి ఉండేది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మేం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ ఏడు చలికాలంలో, ఎడారి దుమ్ము కమ్మేసి కిటికీ ముందున్న వేపచెట్లు కూడా కనబడని ఒక ఉదయం, మేజర్ నన్ను పిలిచి తలుపు వేయమన్నాడు.

"కచల్లా, మీది కులోరి కదూ?"

"అవును సార్. మా అమ్మ పుట్టిల్లు. నేను పుట్టిందీ అక్కడే."

"మూడు వారాల్లో కులోరి జనాన్ని వాళ్ళ ఇళ్ళకు చేర్చాలి. రాజధాని నుంచి మంత్రి వస్తున్నాడు. పద్నాలుగు మంది విలేకరులు, అందులో నలుగురు విదేశీయులు. కనీసం అరవై కుటుంబాలు కావాలి. కెమెరాలో వీధి నిండుగా కనబడాలి."

"అక్కడ ఇప్పుడు భయం లేదా సార్?"

ఆయన పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "నాలుగొందల మంది సైనికులున్నారు. ఊరి చుట్టూ కందకం తవ్వారు."

"ఎన్నాళ్ళుంటారు?"

"అవసరమైనంత కాలం. ప్రకటనలో అదే రాశాను. నువ్వూ అదే చెప్పు."

కులోరి వాళ్ళు మూడేళ్ళుగా నగరం చివర స్కూలు ఆవరణలోని శిబిరంలో ఉంటున్నారు. మా యాగానా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు, అక్కడే గేటు పక్కన అలసంద గారెలు వేసి అమ్మేది. ఆమె భర్త గ్రేమా బాబాయ్ టోపీలమీద దారం పని చేసేవాడు. కులోరిలో ఆయన కొట్టుకి సరస్సు అవతలి నుంచి కూడా పెళ్ళికొడుకులు వచ్చేవాళ్ళు. ఒక్క టోపీకి రెండు నెలలు పట్టేది. వాళ్ళ కూతురు ఫన్నాకు పదహారేళ్ళు.

నేను గేటు దగ్గర దిగగానే గారెల కోసం నిలబడ్డ ఆడవాళ్ళు మొదలుపెట్టారు.

"వచ్చాడమ్మా రేడియో! ఇవాళ ఎన్ని ఊళ్ళు గెలుచుకొచ్చావయ్యా?"

"నిన్న ఒకటి గెలిచాడుగా. ఆ ఊరివాళ్ళు పొద్దున్నే మన శిబిరంలో దిగారు, మూటాముల్లెతో."

"ఊరుకోండే," అంది పిన్ని నూనెలో గరిటె తిప్పుతూ. "వాడి గొంతు వాడిది, మాటలు వాళ్ళవి. రా నాయనా, కూర్చో. ఏమిటి ఇలా వచ్చావు?"

విషయం చెప్పాను. ఆడవాళ్ళు నవ్వడం మానేశారు. గుడారం నీడలో కూర్చున్న బాబాయ్ మాత్రం చేతిలోని సూదిని చొక్కాకి గుచ్చి లేచి వచ్చాడు.

"కులోరికా? నిజంగానా? నా కొట్టు ఉందట్రా?"

"గోడలున్నాయట బాబాయ్."

"గోడలుంటే చాల్రా. ఇక్కడ ఎవడు కుట్టించుకుంటాడు టోపీ? తలమీద కప్పే లేనివాడికి టోపీ ఎందుకు?" అని తన మాటకు తనే నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం శిబిరంలో అందర్నీ కూర్చోబెట్టారు. మేజర్ మైకు ముందు నిలబడి ప్రకటన చదివాడు. నేను పక్కన నిలబడి ఒక్కో వాక్యాన్నీ మా భాషలో చెప్పాను. సైన్యం అవసరమైనంత కాలం కులోరిలో ఉంటుంది అని ఉన్నదున్నట్టే చెప్పాను. ముందు వరసలోంచి ఒక ముసలామె చెయ్యెత్తింది.

"అవసరం తీరిందని ఎవరు తేలుస్తారు బాబూ? వాళ్ళా, మేమా?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వెనకవైపు కొందరు లేచి ఒళ్ళు దులుపుకుంటున్నారు.

"ఏమంటోంది?" అన్నాడు మేజర్.

"సైన్యం ఎన్నాళ్ళుంటుందని అడుగుతోంది సార్."

"చెప్పాంగా. మళ్ళీ చెప్పు."

నేను మైకు దగ్గరకి జరిగాను. "సైన్యం మిమ్మల్ని వదిలి వెళ్ళదు," అన్నాను. "ఎల్లకాలం మీతోనే ఉంటుంది."

ఆ మాట కాగితంలో లేదు. మేజర్ అనలేదు. ఎందుకన్నానో అప్పటినుంచి చాలాసార్లు ఆలోచించాను. లేచి వెళ్ళేవాళ్ళను ఆపాలనుకున్నాను. అరవై కుటుంబాలు దొరక్కపోతే నా ఉద్యోగం ఏమవుతుందోనని కూడా ఉండి ఉంటుంది. నిజమవుతుందేమోనని కొంత ఆశ కూడా. ఏదైతేనేం, లేచినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. సాయంత్రానికి అరవై నాలుగు కుటుంబాలు పేర్లు రాయించుకున్నాయి.

పిన్ని వాళ్ళు రాయించుకోలేదు. ఆమె నన్ను నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళింది.

"కచల్లా, నువ్వు మా అక్క కొడుకువి. రేడియో మాట పక్కనపెట్టి చెప్పు. మీ బాబాయ్ పిల్లాడిలా గంతులేస్తున్నాడు. నాకేమో కాళ్ళు ముందుకి పడటంలేదు. ఎదిగిన పిల్లతో వెళ్ళమంటావా?"

"వెళ్ళు పిన్నీ," అన్నాను.

అరవై అయిదో పేరు వాళ్ళదే.

మూడు వారాల తర్వాత వాళ్ళ బస్సుల వెనక నేనూ కులోరి వెళ్ళాను. రోడ్డువైపు ఉన్న ఒక్క వీధికి మాత్రం తెల్లసున్నం కొట్టి, తలుపులకు నీలం రంగు వేశారు. దాని వెనక వీధిలో ఇళ్ళకు కప్పుల్లేవు. గడ్డి మొండిగోడల ఎత్తున పెరిగింది. అటు వెళ్ళకుండా తాడు కట్టారు. హెలికాప్టర్లు దిగాయి. మంత్రి పది నిమిషాలు మాట్లాడాడు. దుప్పట్లు పంచారు. కొత్త బోరింగు దగ్గర ఫన్నా నీళ్ళు పట్టుకుంటుంటే ఒక కెమెరామన్‌కి వెలుతురు నచ్చలేదు. ఆమె చేత మూడుసార్లు బిందె ఒలకబోయించి మూడుసార్లు నింపించాడు. పిల్ల నవ్వుతూనే ఉంది.

గ్రేమా బాబాయ్ తన కొట్టు గుమ్మంలో చాప వేసుకుని, ఒళ్ళో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. విలేకరులందరికీ ఆయనే నచ్చాడు. ఎబున్ అనే ఆమె, రాజధాని పత్రికనుంచి వచ్చింది, మోకాళ్ళమీద కూర్చుని అడిగింది.

"మీకిక్కడ భయంగా లేదా పెద్దాయనా?"

నేను అడిగాను. బాబాయ్ నావైపు చూసి జవాబు చెప్పాడు.

"భయం ఎందుకుండదురా? పొలానికి పోవద్దంటున్నారు. కందకం దాటొద్దంటున్నారు. బజారు లేదు, మసీదు కప్పు లేదు. సైన్యం ఎల్లకాలం ఉంటుందని నువ్వు చెప్పావు కాబట్టి వచ్చాం. లేకపోతే ఆడపిల్లను తీసుకొచ్చేవాళ్ళమా? ఈ అమ్మాయికి అదే చెప్పు."

చుట్టూ నాలుగు కెమెరాలు. మేజర్ అయిదడుగుల దూరంలో ఉన్నాడు.

"సొంత ఇంటికి వచ్చినందుకు సంతోషంగా ఉందంటున్నారు," అన్నాను. "సైన్యం ఉంది కాబట్టి భయం లేదంటున్నారు."

ఎబున్ రాసుకోవడం ఆపింది. "అంతసేపు మాట్లాడాడు. చెప్పింది ఇంతేనా?"

"ముసలాయన కదా. చెప్పిందే చెబుతాడు."

ఆమె నన్ను ఒక క్షణం చూసి రాసుకుంది. వెళ్ళేటప్పుడు తన ఫోన్ నంబరు రాసి ఇచ్చింది. ఆ రాత్రి వార్తల్లో బాబాయ్ ముఖం దేశమంతా కనబడింది. ఆయన మాటల వెనకే నా అనువాదం నా గొంతుతో వినబడింది. మేజర్‌కు పైనుంచి అభినందనలు వచ్చాయి. నాకు టీ పోసి, "మంచి పని చేశావు," అన్నాడు.

జనం కులోరి చేరిన పదకొండో రోజు మధ్యాహ్నం ఆయన ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. కులోరి దళాల్ని పడమటి రోడ్డుకు తరలిస్తున్నారు. ఫోన్ పెట్టేదాకా ఆగి అడిగాను.

"కులోరిలో ఎంతమంది మిగులుతారు సార్?"

"నలభై."

"జనానికి చెప్పొద్దా?"

"చెబితే ఏం చేస్తారు? రోడ్డెక్కుతారు. ఆ రోడ్డునిండా మందుపాతరలు. రేపు పేపర్లో కులోరి ఖాళీ అని వస్తుంది." ఆయన కళ్ళు రుద్దుకున్నాడు. "పది రోజుల్లో దళాల్ని వెనక్కి పంపుతామన్నారు. నోరు మూసుకుని ఉండు కచల్లా. నీ మంచికే చెబుతున్నా."

కులోరిలో ఫోన్లు పనిచేయవు. టవర్ ఎప్పుడో పేల్చేశారు. కానీ శుక్రవారం శుక్రవారం సైన్యం కాపలాతో సరుకుల లారీ వెళ్తుంది. డ్రైవర్ నాకు తెలిసినవాడే. ఆ శుక్రవారం అతనితో పిన్నికి ఉల్లిపాయలు, పంచదార, ఎండుచేపలు పంపాను. మాట పంపలేదు.

పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున నమాజుకి పిలుపు కాకముందే తిరుగుబాటుదారులు ఊరిమీద పడ్డారు. నలభై మంది సైనికులు తూటాలున్నంతసేపు కాల్చారు. తర్వాత ఉన్న రెండు వాహనాలెక్కి వెళ్ళిపోయారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ ఉదయం నా బల్లమీదికి వచ్చింది నాలుగు వాక్యాల కాగితం: కులోరి సమీపంలో స్వల్ప కాల్పులు జరిగాయి. సైన్యం తిప్పికొట్టింది. పౌరులెవరికీ హాని జరగలేదు. ఊరు పూర్తిగా సైన్యం అధీనంలో ఉంది.

"సార్, మా పిన్ని వాళ్ళు అక్కడున్నారు," అన్నాను. "నిజం చెప్పండి."

మేజర్ కాగితాన్ని నావైపు జరిపాడు. "నాకు తెలిసింది ఆ కాగితమే," అన్నాడు. "ఇంకోటి అడగకు. నువ్వు చదవకపోతే ఇంకొకడు చదువుతాడు. నీ గొంతైతే జనం కంగారుపడరు."

లోపలికి వెళ్ళి చదివాను. గొంతు వణక్కూడదని ముందు నీళ్ళు తాగాను. మొదటిసారికే రికార్డింగ్ బాగా వచ్చింది.

రెండు రోజుల తర్వాత పిన్ని శిబిరానికి వచ్చిందని కబురందింది. పరుగెత్తాను. గుడారాల మధ్య నేలమీద కూర్చుని ఉంది. కాళ్ళకు గుడ్డపీలికలు చుట్టారు. ఎవరో గంజి పెడితే ముట్టుకోలేదు. పక్క గుడారంలో రేడియో మోగుతోంది. పౌరులెవరికీ హాని జరగలేదు అని నా గొంతే చెబుతోంది. ఎవరో లేచి దాన్ని ఆపేశారు.

"పిన్నీ, బాబాయ్ ఏడీ?"

"కొట్టు గుమ్మంలో పడిపోయాడు." ఆమె నేలను చూస్తూ చెప్పింది. "తలుపుకి అడ్డం నిలబడ్డాడు. లోపల మేమున్నామని వాళ్ళకి అట్లాగే తెలిసింది. అడ్డం నిలబడకపోతే ఖాళీ కొట్టనుకుని పోయేవాళ్ళేమో."

"ఫన్నా?"

"మోటారుబండ్ల మీద ఎక్కించుకున్నారు. తొమ్మిదిమంది పిల్లల్ని. ఉత్తరంగా, సరస్సువైపు పోయారు. నేను వెంటపడ్డాను. ఎంతదూరం పరుగెత్తగలను? ముసలిదాన్నని వదిలేశారు."

నేను ఆమె కాళ్ళు పట్టుకున్నాను. దళాలు వెళ్ళిపోతున్నాయని నాకు ముందే తెలుసని చెప్పాను. ఉల్లిపాయలు పంపిన రోజుకే తెలుసని చెప్పాను. ఆమె కాళ్ళు వెనక్కి లాక్కోలేదు. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. "సరుకులందాయి," అంది. అంతే.

ఆ రోజే ఎబున్‌కి ఫోన్ చేశాను. తిరిగొచ్చినవాళ్ళను అడిగి ముప్ఫై ఒక్క మంది చనిపోయినవాళ్ళ పేర్లు రాశాను. వయసులు, తండ్రుల పేర్లు, ఎక్కడ పడిపోయిందీ రాశాను. తీసుకుపోయిన తొమ్మిది మంది ఆడపిల్లల పేర్లు రాశాను. అన్నీ చదివి వినిపించాను. కెమెరా ముందు బాబాయ్ నిజంగా ఏమన్నాడో కూడా చెప్పాను. ఆమె అన్నీ రాసుకుంది.

నాలుగు రోజుల తర్వాత పత్రిక ఏడో పేజీలో అయిదు లైన్లు వచ్చాయి. కులోరిపై దాడి జరిగిందని కొందరు స్థానికులు ఆరోపిస్తుండగా సైన్యం దాన్ని ఖండించింది అని. పేర్లు లేవు. నేను మళ్ళీ ఫోన్ చేశాను.

"ఏమిటమ్మా ఇది? ముప్ఫై ఒక్క పేర్లిచ్చాను!"

"నేను పోట్లాడాను కచల్లా. ఒట్టు." అంది ఎబున్. "ఫొటోలున్నాయా అన్నారు. లేవన్నాను. ఊరికి పంపండి, నేనే వెళ్ళి చూస్తానన్నాను. అక్కడికి వెళ్ళాలంటే సైన్యం హెలికాప్టరే దిక్కు. వాళ్ళు ఎక్కించుకోరు. ఆ పెద్దాయన అలా అనలేదని చెబితే మా ఎడిటర్ వీడియో పెట్టి చూపించాడు. సంతోషంగా ఉందని ఆయనే అన్నాడు కదా అన్నాడు."

"అది నా అనువాదం. తప్పు చెప్పానని ఒప్పుకుంటున్నా కదా. బాబాయ్ మాటలు వీడియోలోనే ఉన్నాయి. కనూరీ తెలిసినవాళ్ళు ఎవరు విన్నా చెబుతారు."

"అదే అన్నాను. మరి అప్పుడు అబద్ధం చెప్పినవాడు ఇప్పుడు నిజం చెబుతున్నాడని ఎలా నమ్మేది అన్నాడు. వారం తిరిగేసరికి ఇంకో ఊరి వార్త వస్తుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరన్నాడు."

ఫోన్ పెట్టేశాను.

మర్నాడు మేజర్ నన్ను పిలిచాడు. తలుపు ఆయనే వేశాడు.

"ఫోన్ చేసిందెవరో నాకు తెలుసు. నిన్ను పట్టివ్వడం నాకిష్టం లేదు. రేపట్నుంచి రావద్దు."

"అంతేనా సార్?"

"అంతకంటే ఏం కావాలి నీకు?"

నిజానికి నాకేదో శిక్ష పడుతుందనుకున్నాను. పడితే బాగుండేదని కూడా అనిపించింది. వెనక పటంమీద కులోరి పచ్చగానే ఉంది. ఆయన నాకు చెయ్యిచ్చాడు. నేను పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో తెలియదు.

ఆ తర్వాత శిబిరం పక్కన మొబైల్ ఫోన్లు చార్జింగ్ పెట్టే చిన్న బల్ల వేసుకున్నాను. రోజూ పిన్నిని చూసి వచ్చేవాణ్ణి. నీళ్ళు మోసిపెట్టేవాణ్ణి. ఆమె వద్దనేది కాదు, మాట్లాడేది కాదు. గారెలు వేయడం మానేసింది. శిబిరంలో ఎవరూ నన్నిప్పుడు రేడియో అని వేళాకోళం చేయడంలేదు. నేను వస్తుంటే మాటలు ఆపి, వెళ్ళాక మొదలుపెట్టేవాళ్ళు.

వర్షాలకు ముందు శిబిరంలో రేషన్ సగానికి తగ్గించారు. ఏడాది చివరికి శిబిరమే ఎత్తేస్తారని నోటీసు అంటించారు. ఆ వారమే మైకు మళ్ళీ వచ్చింది. ఈసారి మల్వారి అనే ఊరు. సరస్సు ఒడ్డున, కులోరికి ఉత్తరాన ఉంటుంది. దుబాసీ కొత్తవాడు, ముప్ఫై కూడా లేని కుర్రాడు. గొంతు బాగుంది. అవసరమైనంత కాలం అని ఉన్నదున్నట్టే చెప్పాడు. ఎవరూ చెయ్యెత్తి ఏమీ అడగలేదు. వరసలో నిలబడ్డారు.

నేను వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరికీ చెప్పాను. వెళ్ళొద్దు, దళాలు పది రోజులకంటే ఉండవు, కులోరిలో ఏం జరిగిందో మీకు తెలుసుగా అని బతిమాలాను. ఒకతను నా భుజంమీద చెయ్యి వేసి మెల్లగా పక్కకు జరిపాడు.

"మాకు తెలుసన్నా. ఇక్కడుంటే ఏం తినమంటావ్?"

వరసలో ముందుకు వెళ్ళాను. పదిహేనో మనిషి యాగానా పిన్ని.

"పిన్నీ! నీకేమైనా పిచ్చి పట్టిందా?"

ఆమె మెళ్ళోని రేషన్ కార్డు సరిచేసుకుంది. "మల్వారి సరస్సు ఒడ్డునుంది. పిల్లను తీసుకెళ్ళింది అటే."

"అక్కడ నువ్వేం చేయగలవు? కందకం కూడా దాటనివ్వరు."

"ఇక్కడ ఏం చేస్తున్నాను?"

"నా ఇంటికి రా. నా పిల్లలతో ఉండు. కాళ్ళకి దణ్ణం పెడతాను, నా మాట విను."

అన్నాళ్ళలో మొదటిసారి ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. అలసిపోయిన మనిషి చూసినట్టు చూసింది.

"విన్నాను కదా నాయనా," అంది. "ఈసారి చెప్పేది నువ్వు కాదు. నాకదే నయం."

వరస కదిలింది. ఆమె కూడా కదిలింది.

బుధవారం పొద్దున ఆరు బస్సులు బయల్దేరాయి. వాటి ముందు కెమెరాల జీపు. పిన్ని మూడో బస్సులో, అవతలివైపు కిటికీ దగ్గర కూర్చుంది. దుమ్ములో నాకు ఆమె ముసుగు అంచు తప్ప కనబడలేదు. బస్సులు వంతెన దాటేదాకా నిలబడి, వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. ఒకావిడ ఫోన్ ఇచ్చి చార్జింగ్ పెట్టమంది. పెట్టాను.

వారంరోజులు మల్వారి పేరు రేడియోలో రోజూ వినబడింది. తర్వాత ఆగిపోయింది. ఇది నాలుగో నెల. అక్కడినుంచి ఎవరూ నడిచి రాలేదు.